కోతి, పిట్ట, నడుమ ఒక చెట్టు

మా ఊరి పేరు ఘనపూర్ అనగానే వినేవాళ్ళు "స్టేషన్ ఘనపూరేనా?" అంటారు. కాదండీ. రైలు ఆగే ఘనపూర్ జనగామ వైపుది. మాది కోతులు ఆగే ఘనపూర్. హనుమకొండ నుంచి ములుగు దారి పట్టి అడవుల పక్కగా పోతే వస్తుంది. పాతవాళ్ళు ములుగు ఘనపూర్ అనేవారు. ఇప్పుడు బోర్డుల మీద గణపురం అని రాస్తున్నారు. కాకతీయ గణపతిదేవుడి పేరున వెలిసిన ఊరు కనుక అదే సరైన పేరని చదువుకున్నవాళ్ళు చెబుతారు. మా చిన్నప్పుడు వరంగల్లు జిల్లాలో వుండేది. 2016 నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో వుంది. ఊరు మాత్రం ఎక్కడికీ కదల్లేదు. గణపసమద్రం చెరువు పక్కన వున్నచోటనే వుంది.

ఈ మాఘమాసంలో మా మేనత్త దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"బిడ్డా, మన పెరట్ల జువ్విచెట్టు కొట్టేయాల్నని వాడకట్టోళ్ళు పంచాయితి పెడుతున్నరు. నువ్వొకసారి వచ్చిపో."

"కొట్టేయించెయ్యి అత్తమ్మా, పీడా పోతుంది!" అన్నాను ఠక్కున.

అవతల కాసేపు మాట లేదు. "ఫోన్ల జెప్పకు. వచ్చి, చూసి జెప్పు" అని పెట్టేసింది.

నా తొందరకి కారణం లేకపోలేదు. క్రిందటేడు వేసవిలో ఆవిడ ఇంటి డాబా మీద బూడిదగుమ్మడి వడియాలు పెట్టాను. రుబ్బి, పిండి, నడుం పడిపోయేలా పెట్టిన వడియాలు. చెంబుడు మంచినీళ్ళు తాగి పైకి వెళ్ళేసరికి జువ్వికొమ్మ మీంచి దిగిన ఒక కోతుల సంసారం పీటలు వేసుకున్నట్టు వరసగా కూచుని ఆరగిస్తోంది. నన్ను చూసి లేచిందా? లేదు. ఓ తల్లి కోతి తన పిల్లకి ఒక వడియం అందించి మరీ నా వంక చూసింది. పోతూ పోతూ ఒకటి నా కళ్ళజోడు కూడా పట్టుకుపోయింది. ఇంత జరిగాక చెట్టు మీద నాకు దయ ఎలా వుంటుంది, మీరే చెప్పండి!

సరే, వెళ్ళాను. అత్తమ్మ ఇల్లు చూస్తే జాలేసింది. వసారాకి, వంటింటి కిటికీలకి, ఆఖరికి బావి గట్టుకి కూడా ఇనుప జాలీ బిగించారు. మనుషులు లోపల, కోతులు బయట. వీధిలో సగం ఇళ్ళు అంతే. ఒకరి గోడ మీద కొండముచ్చు బొమ్మ గీసిన ఫ్లెక్సీ కట్టారు, దాన్ని చూసి కోతులు భయపడతాయని. నేను చూస్తుండగానే ఓ పిల్లకోతి ఆ ఫ్లెక్సీ తాడు పట్టుకుని ఉయ్యాల ఊగింది. చిక్కుడుపాదు లేదు, బీరపాదు లేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అత్తమ్మ జీవితంలో మొదటిసారి బీరకాయలు కొనుక్కు తింటోంది.

"ఇవి ఇప్పుడొచ్చిన కోతులే గాని, వాటి బుద్ధి పాతదే" అంది అత్తమ్మ. "రామప్ప గుళ్ళె చూడలేదానే? ఆడామె చీర గుంజుతలేదా కోతి?"

నిజమే! మా ఊరికి దగ్గర్లోనే పాలంపేటలో రామప్ప గుడి వుంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించినది. 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ గుడి చూరు కింద నల్లరాతి మదనికలున్నారు కదా, వాళ్ళలో ఒకామె చీరని ఒక కోతి పట్టుకు లాగుతుంటే ఆమె సిగ్గుతో సర్దుకుంటూ వుంటుంది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఆ శిల్పి మన బాధ ఎరిగినవాడే!

మర్నాడు తెల్లవారి, కాఫీ గ్లాసు పట్టుకుని వెనక అరుగు మీద జాలీలోపల కూచున్నాను. చెట్టు మీద తీర్పు చెప్పడానికి వచ్చినదాన్ని కదా, చూడకుండా ఎలా చెప్పడం?

జువ్వికాయలు పండుతున్న రోజులు. మిరియాలకన్నా కాస్త పెద్దవి, కొమ్మ కొమ్మకీ అతుక్కుని గుత్తులుగుత్తులు. అప్పటికే పిట్టలు దిగివున్నాయి. గోరింకలు, పిగిలిపిట్టలు, చిలకలు, "టుక్కు టుక్కు"మని సుత్తితో కొట్టినట్టు కూసే కంసాలిపిట్ట. ఆకుల్లో ఆకులై కనబడకుండా పచ్చపావురాలు కూడా వున్నాయిట. అత్తమ్మ వేలుపెట్టి చూపించినా నాకు చాలాసేపు కనబడలేదు. ఇంతలో గోడల మీదుగా కోతుల మంద వచ్చింది, ఇరవై దాకా. నేను పిట్టలన్నీ ఎగిరిపోతాయనుకున్నాను. కొన్ని చిలకలు లేచాయి, తిట్టుకుంటూ మళ్ళీ పైకొమ్మ మీదే వాలాయి. తక్కినవి కదల్లేదు. ఎవరి కొమ్మ మీద వాళ్ళు ఫలహారం కానిస్తున్నారు. మన పెళ్ళిపందిళ్ళలో పడని చుట్టాలిద్దరు ఎడం ఎడంగా ఒకే బంతిలో కూచున్నట్టు వుంది.

అప్పుడు చూశాను ఏట్రింతని. నల్లగా నిగనిగలాడుతూ, తోక చివర రెండు పాయలుగా చీలిన పిట్ట. అది పండు తినడంలేదు. కోతులున్న కొమ్మకి దగ్గరలో బుద్ధిగా కూచుని వుంది. కోతి ఒకటి కొమ్మ ఊపుతూ దూకినప్పుడల్లా ఆకుల్లో దాగిన పురుగులు చెదిరి పైకి లేస్తున్నాయి. ఏట్రింత రివ్వున పోవడం, గాలిలోనే పట్టుకోవడం, వచ్చి మళ్ళీ అక్కడే కూచోవడం. కోతులు పక్కకొమ్మకి మారితే అదీ మారింది.

ఈ పిట్టకే పసులపోలిగాడని ఇంకో పేరుంది. పొలంలో ఆవుల వీపెక్కి కూచుని, గడ్డిలోంచి లేచే మిడతల్ని పడుతుంది కనుక ఆ పేరు. ఈ పేర్లు పుస్తకాలకెక్కడం ఒక చిన్న కథ. జెర్డన్ అనే దొర నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. రోగుల నాడి చూడగా మిగిలిన వేళంతా పిట్టల వెంట తిరిగేవాడు. యానాదుల్ని, వేటగాళ్ళని అడిగి పేర్లు రాసుకున్నాడు. 1862 నుంచి 1864 వరకు భారతదేశపు పక్షుల మీద ఆయన అచ్చువేసిన సంపుటాల్లో మన తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనబడతాయి. మన పసులపోలిగాడు దొర పుస్తకంలో దర్జాగా కూచున్నాడు!

ఏట్రింతల కుటుంబంలోదే మరొక పిట్ట వుంది. తోకకి రెండు సన్నని తీగలు, వాటి చివర రెండు ఈకల బిళ్ళలు. మన దట్టమైన అడవుల్లోనూ వుంది, మలయాలోనూ వుంది. మన తెలుగువాళ్ళు ఒకప్పుడు రబ్బరు తోటల్లో పనికి ఓడలెక్కి వెళ్ళిన మలయాయే. అక్కడివాళ్ళు దాన్ని హంబ కెర అంటారు. అంటే కోతుల బానిస అని. కోతుల మంద ఎటుపోతే అటు వెంటపడి పోతుందని ఆ పేరు పెట్టారు. మనవాళ్ళు పసుల వెంట పోయేదాన్ని చూసి పోలిగాడన్నారు, వాళ్ళు కోతుల వెంట పోయేదాన్ని చూసి బానిస అన్నారు. పిట్టకి కొలువు తప్పలేదన్నమాట.

ఈ మాట అత్తమ్మకి చెబితే పకపకా నవ్వింది.

"బానిస ఏందే! కొమ్మ ఊపేది కోతి. కూసుండి తినేది పిట్ట. ఎవలు ఎవలికి జీతమున్నట్టు?"

నాకు జవాబు తోచలేదు. ప్రాణిశాస్త్రజ్ఞులూ ఆ మాటే చెబుతారు. దక్షిణ అమెరికా అడవుల్లో ఉడతంత, పిల్లంత చిన్నకోతులు గుంపులుగా తిరుగుతాయి. వాటి కింది కొమ్మల్లో ఒక జాతి చిన్న గద్ద మౌనంగా వెంట నడుస్తుంది. కోతుల్ని ఏమీ అనదు. కోతులు చెదరగొట్టిన పురుగుల్ని, బల్లుల్ని ఏరుకుంటుంది, అంతే. ఆ కోతులకి కూడా అది శత్రువు కాదని తెలుసు. వేరే గద్ద నీడ పడితే గగ్గోలు పెట్టే కోతులు దీన్ని చూసీచూడనట్టు వూరుకుంటాయి.

అయితే కోతీ పిట్టా ప్రాణస్నేహితులని నేననడంలేదు. గూట్లో గుడ్లు కనబడితే కోతి వదిలిపెట్టదు. ఆ సంగతి మన కథలవాళ్ళు ఏనాడో కనిపెట్టారు. హితోపదేశంలో విగ్రహమనే భాగం మొదట్లోనే ఆ కథ వుంది. నర్మద ఒడ్డున పెద్ద బూరుగుచెట్టు, దాని మీద గూళ్ళు కట్టుకున్న పిట్టలు. జడివాన. చెట్టుకింద తడిసి వణుకుతున్న కోతులు. పిట్టలకి జాలివేసి, "మేము ముక్కుతో గడ్డిపరకలు తెచ్చి ఇల్లు కట్టుకున్నాం. చేతులూ కాళ్ళూ వుండి మీరెందుకు ఇలా ఏడుస్తారు?" అన్నాయి. కోతులకి ఒళ్ళు మండింది. వాన వెలిశాక చెట్టెక్కి గూళ్ళన్నీ పీకి గుడ్లన్నీ కింద పడేశాయి. తెలుగులో చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం రాసి వదిలిపెడితే, వీరేశలింగంగారు విగ్రహం, సంధి రాసి పూర్తిచేశారు. ఆ కథ చదువుకున్న మనందరికీ మూర్ఖుడికి సలహా చెప్పరాదన్న నీతే గుర్తుంది. నాకు ఈసారి ఇంకో సంగతి తోచింది. రెండింటికీ చెట్టు ఒక్కటే! ఎంత దెబ్బలాడుకున్నా కోతులు వానలో ఆ చెట్టుకిందికే వచ్చాయి. పిట్టలు ఆ చెట్టు మీదే వున్నాయి.

మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చాను. కిటికీ అవతల పిట్టల గోల. ఏడుగురు అక్కచెల్లెళ్ళని మనం అనుకునే బూడిదరంగు పిట్టలు, ఎప్పుడూ ఆరేడు కలిసి తిరుగుతాయే, అవి ఒక్కసారిగా కీచుమంటున్నాయి. "మళ్ళీ కోతులు" అన్నాను విసుగ్గా.

అత్తమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "కోతులకు గట్ల ఒర్లయి. పామును చూసినయి."

లేచి చూద్దును కదా, గోడ వారగా జెర్రిపోతు ఒకటి జారిపోతోంది. చిత్రమేమిటంటే చెట్టు మీద కునుకు తీస్తున్న కోతులు కూడా లేచి నిలబడి, పిట్టలు చూస్తున్న వైపే వంగి చూస్తున్నాయి. పిల్లలు తల్లుల పొట్టలకి కరుచుకున్నాయి. పిట్ట అరిచింది పిట్టభాషలో. అర్థమైంది కోతికి, మా అత్తమ్మకి కూడా. అర్థంకానిది నాకొక్కదానికే.

ఈ అడవిభాష గురించి చాలా పరిశోధన జరిగింది. ఆఫ్రికాలో కెన్యా దేశంలో అంబోసెలి అనే చోట డొరొతీ చెనీ, రాబర్ట్ సేఫార్త్ అనే భార్యాభర్తలు ఏళ్ళ తరబడి వెర్వెట్ అనే చిన్నకోతుల్ని గమనించారు. చిరుతకి ఒక అరుపు, గద్దకి ఒకటి, పాముకి ఒకటి. చిరుత అరుపు వినిపిస్తే చెట్టెక్కుతాయి. గద్ద అరుపుకి తల పైకెత్తి చూస్తాయి. పాము అరుపుకి నిలబడి గడ్డిలోకి చూస్తాయి. అంతేకాదు, అక్కడి గోరింకజాతి పిట్టలు పెట్టే ప్రమాదపు కేకలు కూడా ఆ కోతులకి తెలుసుట. రికార్డుచేసి వినిపించి మరీ తేల్చారు. పశ్చిమ ఆఫ్రికాలో ఐవరీకోస్ట్ అడవిలో ఇందుకు ఎదురుకథ. అక్కడి డయానా కోతులు గద్దని చూసి ఒకలా, చిరుతని చూసి ఒకలా అరుస్తాయి. అక్కడి కొమ్ముముక్కు పిట్టలు గద్ద అరుపుకే కంగారుపడతాయి, చిరుత అరుపుని లెక్కచెయ్యవు. చిరుత వాటినేమి చేస్తుంది, కొమ్మ చివర వుండే పక్షిని! 2004లో అచ్చయిన సంగతి ఇది.

మన దేశంలో జిమ్ కార్బెట్ పులుల జాడ తీసింది ఇలాగే. జింక, కోతి, నెమలి, ఏది ఎలా అరిచింది, ఎటు తిరిగి అరిచింది అని వినేవాడు. ఆయనకి తుపాకీ వుంది కనుక పేరొచ్చింది. జాలీ వెనక పడుకుని కళ్ళు మూసుకునే చెప్పగల మా అత్తమ్మ పేరు ఎవరు రాస్తారు?

మూడోనాడు పొద్దున్నే కోటగుళ్ళకి వెళ్ళాం. కాకతీయుల నాటి ఇరవైరెండు గుళ్ళు ఒకే రాతి ప్రాకారంలో. నడుమ గణపేశ్వరాలయం. ఏనుగు మీద సింహం, మనిషి తలతో ఇంకో సింహం, ఇలా చిత్రమైన గజకేసరి బొమ్మలు. చుట్టూ చిన్నగుళ్ళు కొన్ని కుంగి, కొన్ని కప్పు పోయి నిలబడి వున్నాయి. యుద్ధాలు కూల్చినవి ఎంతో, కాలం కూల్చినవి ఎంతో! కాలం అంటే గాలివానలే అనుకుంటాం. కాదు. ఇలాంటి పాతగుళ్ళన్నిటికీ మెత్తని శత్రువు ఒకటుంది, రావివిత్తనం. ఆవగింజంత కూడా వుండదు. పిట్ట రావిపండు తిని వచ్చి గోపురం మీద రెట్టవేస్తుంది. వానకి ఆ విత్తు రాతిసందులో మొలుస్తుంది. వేరు నూలుపోగులా దిగి, తాడై, తాచుపామై, నూరు మంది కూలీలు కదపలేని రాతిని పక్కకి నెట్టేస్తుంది.

అలాంటి మొలక ఒకటి ఒక రాతి అంచున రెండాకులు వేసి నవ్వుతోంది. పీకేద్దామని చెయ్యి చాపాను. "పీకు, అది వుండేచోటు గాదు" అంది అత్తమ్మ. తర్వాత దాన్ని వేరుతో సహా తీసి తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. "చెరువుకట్ట మీద పెడుదాం."

నాకు అక్కడే తిత్తిర జాతకం గుర్తొచ్చింది. బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటి. ఒక మర్రిచెట్టు దగ్గర కముజుపిట్ట, కోతి, ఏనుగు కలిసివుండేవి. తమలో పెద్ద ఎవరో తేల్చుకుని, వారికి మర్యాద చెయ్యాలనుకున్నాయి. ఏనుగు అంది, "నా చిన్నప్పుడు ఈ చెట్టు నా పొట్టకి తగిలేది." కోతి అంది, "నా చిన్నప్పుడు నేలమీద కూచునే దీని చివుళ్ళు కొరికాను." కముజుపిట్ట మెల్లగా అంది, "ఎక్కడో ఒక మర్రిపండు తిని ఇక్కడ రెట్టవేశాను. దాన్నుంచే ఇది మొలిచింది." మిగతా రెండూ పిట్టకి నమస్కారం చేశాయి. రెండువేల ఏళ్ళ పైబడిన ఆ కథలో ఒక పూర్తి శాస్త్రం వుంది చూశారా! మర్రి, రావి, జువ్వి, మేడి, ఈ చెట్లన్నీ నడిచిపోలేవు. వాటిని మోసుకుపోయేవి పిట్టలూ కోతులే. సన్నగింజ పిట్ట కడుపులో పోతుంది. పెద్దగింజ కోతికి. కోతికి దవడల్లో సంచులుంటాయి. గబగబా పళ్ళు కుక్కుకుని, దూరంగా ఇంకో చెట్టు మీద తీరిగ్గా కూచుని, గుజ్జు తిని గింజ ఉమ్మేస్తుంది. తునికి, నేరేడు, మొర్రి, పాల, ఇవన్నీ అలా ఉమ్మిన గింజల సంతానమే కావచ్చు. పిట్ట వేసిన చెట్టుమీద కోతి తింటుంది, కోతి వేసిన చెట్టుమీద పిట్ట గూడు కడుతుంది. అడవి అనేది అలా రెండు చేతులు నాటిన తోట.

మరి తోటమాలి ఊళ్ళోకి వచ్చి వడియాలెందుకు తింటున్నట్టు?

ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా పేరున్న అడవి. 1931-32లో నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టుకుని తన రాజ్యంలోని పక్షుల్ని లెక్కరాయించింది. రాసినవాడు సలీం ఆలీ. ఆయన భార్య తెహ్మినా కూడా ఆ రోజుల్లో ఆయన వెంట అడవుల్లో డేరాల్లో కాపరం చేసింది. 1950ల మొదట్లో ఏటూరునాగారం, పాకాల అడవుల్ని వన్యప్రాణులకి అభయారణ్యాలన్నారు. ఆ అడవి ఇప్పటికీ వుంది, కాని మునుపటి చిక్కదనం లేదు. మా వైపు భూపాలపల్లిలో బొగ్గుగనులు వచ్చాయి. మా మండలంలోనే చెల్పూరులో కరెంటు ఫ్యాక్టరీ వచ్చింది. వాటిని తప్పుపట్టలేను. ఆ కరెంటుతోనే నా మిక్సీ తిరుగుతోంది. పోడుకి కొంత, పత్తికి కొంత, రోడ్డుకి కొంత చెట్టు పోయింది. మళ్ళీ నాటినచోట్ల టేకు, నీలగిరి నాటారు. నీలగిరి చెట్టు మీద కోతికి తినడానికి ఏముంది?

ఇంకొకటి, మన పుణ్యకార్యం. గుడి దగ్గర, రోడ్డు పక్కన కారు ఆపి అరటిపళ్ళు, బిస్కెట్లు పెడతాం. నేనూ పెట్టాను, మంగళవారాలు. ఉత్తర బెంగాల్‌లో బక్సా అడవిలో ఎర్రమూతి కోతుల మీద చేసిన పరిశోధన ఒకటి 2015లో అచ్చయింది. జనం పెట్టేది మరిగిన రోజుల్లో కోతులు అడవిపళ్ళు తినడం తగ్గించాయిట. అడవిలో తిరగడం తగ్గించాయిట. చల్లే గింజలు తక్కువ, అవికూడా తారురోడ్డు మీద పడి ఎండిపోయేవి. అంటే మనం పెట్టిన ప్రతి అరటిపండూ ఒక తోటమాలిని పనిమాన్పించిందన్నమాట. ఇక పట్టణాల్లో కోతుల్ని పట్టి వ్యానుల్లో తెచ్చి ఎక్కడో ఊరి పొలిమేరల్లో వదలడం ఒకటి. దక్షిణాదికి పుట్టుకతో వున్నది నెత్తిమీద జుట్టు టోపీలా విచ్చుకుని, పొడుగు తోకతో, కాస్త చిన్నగా వుండే కోతి. ఉత్తరాదిది ఎర్రమూతి కోతి. తూర్పున గోదావరి, పడమట తపతి రెండింటికీ సరిహద్దని పాత పుస్తకాల్లో వుంటుంది. ఎర్రమూతి కోతి ఆ గీత దాటి దక్షిణానికి చాలా దూరం వచ్చేసింది. అలా తెచ్చి వదలడం కూడా అందుకొక కారణమంటారు. 2020లో నిర్మల్ దగ్గర కోతులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి పంపే కేంద్రం ఒకటి తెరిచారు. మంచిదే. కాని ఆపరేషను అయిన కోతికైనా ఆకలి వేస్తుంది కదా!

ఆ సాయంత్రం మా వసారాలో పంచాయితి. పదిమంది దాకా వచ్చారు. వాళ్ళ బాధ చిన్నదేం కాదు. ఒకాయన పల్లీచేను రెండేళ్ళుగా వేయడం మానుకున్నాడు. ఒక కోడలికి కోతి కరిస్తే సూదిమందు కోసం వరంగల్లు దాకా తిరిగింది. పెంకులన్నీ పగిలి వానకి ఇల్లంతా తడిసిన ముసలమ్మ ఒకావిడ, "చెట్టు లేకుంటే కోతి ఏడ కూసుంటది?" అంది. అందరూ నా వంక చూశారు, పట్నం నుంచి వచ్చినదాన్ని, చదువుకున్నదాన్ని అని.

వారం కిందట ఫోనులో ఠక్కున చెప్పిన మాట ఇప్పుడు నోటికి రాలేదు. "చెట్టు పోతే కోతి పోదేమో. పొద్దంతా ఆ కాయలు తినే కోతి, అవీ లేకపోతే తెల్లవారకముందే మన వంటింటి మీదికే వస్తుందేమో" అన్నాను. నా గొంతు నాకే నీరసంగా వినిపించింది. కళ్ళజోడు పోయినదాన్ని నేను, వాళ్ళకి పంటే పోయింది.

అత్తమ్మ లేచి నిలబడింది. "నా చెట్టు కొమ్మ మీ పెంకల మీదికి వచ్చినకాడికి కొట్టుకోండ్రి. కూలి నేనిస్త. పెంకలకు కూడ సగం నేనిస్త. బోదె ముట్టొద్దు. నా పెండ్లయి వచ్చిననాడు నా బుజమెత్తు లేదది. పిట్ట పెట్టింది. మనం పెట్టినమా, మనం తీస్తందుకు?"

కాసేపు గొణుక్కున్నారు. పెంకుల ముసలమ్మ ముందుగా లేచి, "సరే, కొమ్మలయితే రేపే కొట్టిపియ్యి" అంది. ఒకరిద్దరు కోపంగానే వెళ్ళారు. అందరూ ఒప్పుకున్నారని చెబితే అబద్ధమవుతుంది.

మర్నాడు కొమ్మలు కొట్టారు. చెట్టు క్షవరం చేయించుకున్న పెద్దమనిషిలా బోసిగా నిలబడింది. పొద్దెక్కాక గోరింకలు వచ్చి, కొమ్మలేవీ అని కాసేపు చుట్టూ తిరిగి, మిగిలినవాటి మీద వాలాయి. రావిమొలకని చెరువుకట్ట మీద నాటి, చుట్టూ ముళ్ళకంప కట్టి, నేను బస్సెక్కాను.

వారం తర్వాత అత్తమ్మ ఫోను చేసింది. పెసర వడియాలు పెట్టిందట, జాలీ కిందనే. అయినా కోతి జాలీ సందులోంచి చెయ్యిపెట్టి ఓ గుప్పెడు లాక్కుందట.

"నీ కండ్లజోడు గూడ దొరికిందే" అంది. "కొట్టిన కొమ్మల ఇరికి వుండె. ఒక అద్దం పోయింది."

"ఇంకేమిటి అత్తమ్మా?"

"ఇంకేమున్నది... పచ్చగువ్వలు మళ్ళ వచ్చినయి. పదమూడున్నయి. రెండుసార్ల లెక్కవెట్టిన."